రాజేశం మంచానికి చీకటి కుట్టిన సంగతి

రెండు వేల పదహారు, ఎండాకాలం, కోరుట్ల. ఈ కథల సముద్రం అవతల ఎడారి ఉన్నది. ఆ ఎడారిల మబ్బుల దాక లేచిన ఇనుప పైపుల మీద నిలబడ్డ మొగోడు ఒకడున్నడు. సముద్రం ఇవతల ఆయన కోసం అన్నం మానుకున్న ఇల్లాలు ఉన్నది. ప్రాణగండం ఉన్నది, గడువు ఉన్నది, తెల్లమీసాల వీరుడు కూడ ఒకాయన ఉన్నడు. ఒక్కమాటల చెప్పాల్నంటె ఇది మహాగాథ. జర నిమ్మలంగ కూసొని చదువుండ్రి.

కాదు, అబద్ధం చెప్పిన. ఇది ఒక పరద ముచ్చట. దర్వాజకు కట్టేది కూడ కాదు, మంచానికి కట్టేది. ఇల్లాలు అన్నమేం మానలే, నా షాపుల కూసొని రెండు మాట్ల మిర్చి బజ్జీలు తిన్నది. తెల్లమీసాల వీరుడు చేసిన యుద్ధమంత నా కటింగు బల్ల మీద మోచెయ్యి పెట్టుడే. ప్రాణగండం ఒక్కటి మాత్రం నిజం. అందుకే ఇన్నేండ్లయినా ఈ గిరాకీ నాకు యాదికున్నది.

కోరుట్ల బస్టాండు వెనుక సందుల నాది కుట్టు షాపు. మొదట్ల "టైలర్" అని బోర్డు రాపిచ్చిన. జనం వచ్చి ప్యాంటు కొలతలు తీసుకొమ్మని నిలబడేటోళ్లు. అందుకే తీసి పక్కకు పెట్టిన. నేను మనుషులకు కుట్ట. మనిషికి కుదరకపోతె అలుగుతడు, అద్దం ముందట నిలబడి వంకలు పెడ్తడు. మిక్సీకి కవరు కుదరకపోతె మిక్సీ ఏమనదు. దిండు గలీబులు, పరుపు గలీబులు, కూరగాయల సంచులు, కూలర్ కవర్లు. ఇంట్ల సామానుకు బట్టలు తొడుగుడు నా వృత్తి.

ఈ పని నాకు మా పెద్దమ్మ నేర్పింది. ఆమెది జగిత్యాల. పెండ్లి కాకముందు ఆడోళ్ల కుట్టు క్లాసుకు పోయి నేర్చుకున్నదట. అప్పటి డ్రాఫ్టులన్ని ఒక ట్రంకుపెట్టెల దాచిపెట్టి, మోకాళ్లు సహకరించకుంట అయినంక పెట్టెతో సహా నాకు అప్పజెప్పింది. డ్రాఫ్ట్ అంటె కొలతల ప్రకారం గీసి కత్తిరించిన మందం కాయితం. దాన్ని గుడ్డ మీద పరిచి సుద్దముక్కతోని చుట్టూ గీస్తె సగం పని అయిపోయినట్టే. రేడియో కవరు, గోడకు తగిలేసే దువ్వెనల సంచి, టీపాయి గుడ్డ, ట్రంకుపెట్టె గలీబు, నవారు మంచానికి దోమతెర, అన్ని అందుల ఉన్నయి. రేడియోలు పోయినయి గని వాటి డ్రాఫ్టుకు నిలువు పెంచితె మిక్సీ కవరు అయితది. "పాతకాలపు డిజైను" అని చెప్తె హైదరాబాదునుంచి వచ్చినోళ్లు మురిసిపోతరు. కోరుట్లోళ్లు "పాతదైతె తగ్గియ్యవా మరి?" అంటరు.

ఒక ఆదివారం ఎండ మండుతుంటె జమునక్క వచ్చింది. అప్పటికి ఆమె ఎవరో నాకు తెల్వదు. ముప్పై దాటిన మనిషి, చేతుల పురికోస ఉండ, నుదుటి నిండ చెమట.

"తమ్మీ, నాకు చీకటి కావాలె," అన్నది.

"ఎన్ని మీటర్లక్కా?"

ఆమె నవ్వలే. నా మాటకు నవ్వని గిరాకీ వస్తె నాకు సమజైతది, పని పెద్దదని. స్టూలు జరిపి, మంచినీళ్లు ఇచ్చి, మిషన్ బందుపెట్టి విన్న.

వాళ్లది ముత్యంపేట. భర్త పేరు రాజేశం, తాళ్లెక్కి కల్లు గీసే ఇంటి మనిషి. రెండేండ్లు వానలు లేక బాయి ఎండింది, తాళ్లకు కల్లు పారుడు తగ్గింది. గా ఏడాది ఊర్లకెళ్లి పోయినోళ్లతో పాటు రాజేశం కూడ దుబాయి పోయిండు. మా దిక్కు గల్ఫుల ఏ దేశమైనా దుబాయే. అక్కడ ఆయనది స్కాఫోల్డింగ్ పని. పెద్ద బిల్డింగుల చుట్టూ మనుషులు నిలబడి పనిచేయనీకె ఇనుప పైపులతోని మంచె కడ్తరు చూడుండ్రి, గది. పగలు ఎండకు పైపు ముట్టుకుంటె చెయ్యి కాలుతదని ఎండాకాలం రాత్రి డ్యూటీ వేసిండ్రు. అంటె పగలు పండుకోవాలె. రూముల ఎనమండుగురు, ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. ఒకరు వచ్చేసరికి ఒకరు పోతుంటరు, లైటు బందు అన్నదే లేదు.

"తాడెక్కినోడు తమ్మీ. ఇన్నేండ్లల ఒక్కనాడు జారలే. గాడ పైపు మీద నిలబడ్డకాడనే కన్ను మూసిండట. నడుముకు బెల్టు ఉండబట్టి ఏలాడిండు."

"పెద్దసారు చూసిండా?"

"చూసిండు. ఇంకోమాటు కన్ను మూస్తె టికెటు చేతుల పెడ్త అన్నడట. పంపిస్తె పంపించె అనుకుందమంటె ఈడ ఏమున్నది చెప్పు. పంపకుంట ఉంచుకొని, బెల్టు గిట్ల..."

ఆ మాట ఆమె ముగించలే.

"అక్కడ పరదలు దొరుకయా అక్కా?"

"దొరుకుతయి. బజారుకు బస్సు శుక్రారమే. శుక్రారం బజారుకు పోతె వారానికి ఒక్కనాడు పండుకునేది అది కూడ పాయె. లుంగి కట్టి చూసిండట. ఫ్యాను గాలికి జారి మొఖం మీద పడ్డది, ఎవడో గొంతు పిసుకుతున్నడని లేచి ఒర్రిండట."

ఈసారి ఆమె నవ్వింది. నాకు జర ఊపిరి ఆడింది.

వాళ్ల ఊరాయన గంగారాం సెలవు మీద వచ్చిండు, గురువారం తిరిగి పోతున్నడు. ఆయన చేతుల పంపాలె. అది తప్పితె మళ్ల ఎవరు పోతరో, ఎప్పుడు పోతరో తెల్వదు. మధ్యల మూడు రోజులున్నయి.

కొలతలేవని అడిగిన. పురికోస ఉండ విప్పి బల్ల మీద పరిచింది. ముళ్లు వేసి ఉన్నయి. మంచం పొడుగు నాలుగు మూరలు, వెడల్పు రెండు మూరలు అని రాజేశం పోయిన శుక్రారం ఫోన్ల చెప్పిండట. మూర అంటె మోచేతికెళ్లి నడిమి వేలు కొస దాక. ఈమె ఇంటికాడ లెక్క తప్పొద్దని కోస మీద ముళ్లు వేసుకొని వచ్చింది. నేను టేపు పెట్టి చూసిన. పొడుగు ఐదున్నర ఫీట్లు వచ్చింది.

"అక్కా, బావ పొట్టిగ ఉంటడా?"

"పొట్టా! వంగకుంట మా దర్వాజల అడుగుపెట్టడు."

"మరి ఈ మంచంల మోకాళ్లు ముడుచుకొని పంటడా?"

ఆమె కోసను చూసింది, తన చేతిని చూసుకున్నది. "అయ్యో, ఆయన ఆయన చేతితోని కొలిచిండు," అన్నది. "నేను నా చేతితోని ముళ్లేసిన."

"గంతేనా. ఫోన్ చేసి అడుగు, మీ మూర ఎన్ని ఇంచులని."

అక్కడ ఆగింది ముచ్చట. జమునక్క ఫోన్ తీసింది గని చెయ్యలే. పగలు చేస్తె నిద్ర చెడుతది, రాత్రి చేస్తె పైన ఉంటడు. పైపు మీద ఉన్నప్పుడు జేబుల ఫోన్ మోగితె? అందుకే ఆయన పోయిన కాడికెళ్లి ఈమె తనంతట తాను ఒక్కసారి ఫోన్ చెయ్యలేదట. శుక్రారం సాయంత్రం ఆయన చేస్తె ఎత్తుతది. ఇరవై నాలుగు గంటలల మొగనికి ఫోన్ చేసే పుర్సత్ ఒక్క నిమిషం దొరకని ఆడమనిషిని నేను గప్పుడే చూసిన.

తెల్లారి మామను ఎంటబెట్టుకొని వచ్చింది. నర్సాగౌడ్. తెల్లమీసాలు, మెడల కండువా, నడుము ఇంకా నిటారుగనే ఉన్నది. కొలతల పంచాది తొవ్వపొడుగునా విన్నట్టున్నడు, వచ్చుడు వచ్చుడే మోచెయ్యి తీసుకపోయి బల్ల మీద దడాలున పెట్టిండు.

"పిలగా, మూర కోసం గింత పరేషానేందిరా? గిదీ మూర. వాని చెయ్యి నా చెయ్యే. పుట్టినప్పుడే మంత్రసాని అన్నది."

"పుట్టినప్పుడు కూడ గింత చెయ్యి ఉండెనా తాతా?"

"తాతేందిరా? కాకా అను."

జమునక్క అడ్డం వచ్చింది. "ఇద్దరి అంగీలు ఉతికేది నేనే తమ్మీ, చేతులు ఒకటే పొడుగు, అది నిజమే. గని మామా, మీ నడిమి వేలు కొస గీతకత్తికి పాయె కద."

నర్సాగౌడ్ తన వేలును అప్పుడే కొత్తగ చూసినట్టు చూసుకున్నడు. "గదెంత? గోరంత."

"నాలుగు మూరలకు నాలుగు గోర్లు పోతయి మామా."

"గోరు కలుపుకోండ్రి మరి!"

"ఎంత గోరు? మీ బొటనవేలు గోరా, చిటికెన వేలుదా?"

లొల్లి ముదిరింది. మామకు కోపం, కోడలికి ఏడుపు. పక్క షాపుల బ్యాండేజీలు అమ్మే ఆయన కూడ వచ్చి, పోయిన ముక్క ఎంతుంటదో తన అందాజా చెప్తున్నడు. నేను కొంచెం సేపు చూసి అడిగిన.

"కాకా, ఎడమ చెయ్యి కూడ పోయిందా?"

ఆయన ఎడమ చెయ్యి మెల్లగ బల్ల మీద పెట్టిండు. పందొమ్మిది ఇంచులు. రాసుకున్న. నాలుగు మూరలంటె ఆరు ఫీట్ల మీద నాలుగించులు.

గుడ్డ కోసం సిరిసిల్ల పోయిన. గా దినాలల సిరిసిల్లల సగం మరమగ్గాలు నడుస్తున్నయి, సగం నడుస్తలేవు. ఒక సందుల చెవులు గింగురుమంటయి, పక్క సందుల పిచ్చుకల సప్పుడు వినవడ్తది. నాకు గుడ్డ ఇచ్చే ఆసామి మగ్గాల మీద దుప్పటి కప్పి పెట్టిండు, పనోళ్లిద్దరు మహారాష్ట్రల భివండి మగ్గాలకు పోయిండ్రట. నల్లది, మందంగ ఏమున్నదని అడిగిన. లంగాలకు పోయే కాటన్ గుడ్డ తీసిండు. "ఎన్ని లంగాలు కుట్టాలె?" అని అడిగిండు. దుబాయిల ఒక మొగాయన మంచానికి అని చెప్పిన. ఆయన గుడ్డ కొలిచి మడిచి ఇచ్చిండు.

పెద్దమ్మ దోమతెర డ్రాఫ్టు ముందలేసుకున్న. దోమతెరకు పైన కప్పు ఉంటది. ఇక్కడ పైమంచమే కప్పు, ఒక దిక్కు గోడ. అంటె మూడు దిక్కుల పరదలు చాలు. పై అంచుకు కేసింగ్ పెట్టాలె. తాడు దూరేటందుకు గుడ్డను మడిచి కుట్టే సొరంగాన్ని కేసింగ్ అంటరు. తాడును పైమంచం పట్టెకు బిగిస్తె ఫ్యాను కాదు, గాలిదుమారమొచ్చినా జారదు. లోపలికి పోను రాను ముందట రెండు రెక్కలు.

కుట్టినంక షాపు ముందట నడి ఎండల గోడకు ఆనిచ్చి నాలుగు కట్టెలు పాతి, పైమంచం లెక్క ఒక చెక్క పరిచి, దాన్ని కట్టి, లోపలికి పోయి పండుకున్న. బస్టాండు కాడికి పోయేటోళ్లు ఆగి చూస్తున్నరు. "పీనుగా?" అని ఎవరో అడిగిండ్రు. "ఇంకా కాలే," అని లోపలికెళ్లి చెప్పిన. ఒక పొర గుడ్డకు చుక్కలు చుక్కలుగ ఎలుగు. రెండు పొరలేసిన. అయినా పుస్తకం చదువొచ్చు. పెద్దమ్మకు ఫోన్ కొట్టిన.

"పెద్దమ్మా, డబుల్ వేసినా ఎలుగు ఆగుతలేదు."

"ఎక్కడికెళ్లి వస్తున్నదిరా?"

"గుడ్డలకెళ్లి."

"గుడ్డలకెళ్లి వస్తె మూడో పొర వేస్తవు, అటెన్క నాలుగోది వేస్తవు. ఆయన పరుపు కింద పడ్డట్టు పంటడు. మళ్ల పండుకొని సక్కగ చూడు."

చూసిన. ముందటి రెండు రెక్కలు కలిసే కాడ ఒక గీత. పైన కేసింగ్ కింద ఒక గీత. ఎలుగంత ఆ రెండిట్లకెళ్లే వస్తున్నది.

"ట్రంకుపెట్టె గలీబు డ్రాఫ్టు తీయి," అన్నది పెద్దమ్మ. "దుమ్ము చొరబడకుంట లోపల జానెడు పట్టీ ఉంటది చూడు. దుమ్ము రానికాడ ఎలుగెట్ల వస్తది? ఇగ ఫోన్ పెట్టు, సీరియల్ మొదలైంది."

ట్రంకుపెట్టె గలీబు పట్టీని దోమతెర రెక్కకు అతికిచ్చిన. ఒక రెక్క మీదికి ఇంకో రెక్క జానెడు ఎక్కేటట్టు, పైన కేసింగ్ కింద ఇంకో పట్టీ దిగేటట్టు. ఆ రెండు డ్రాఫ్టులు అన్నేండ్లు ఒకే పెట్టెల ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయి, ఒకదాంతోని ఇంకోదానికి ఎన్నడు పనిపడలే. గాలికి ఎట్లనని జమునక్క భయపడ్డది. పరదను పరుపు కంటె కిందికి దించి, నేలకు నాలుగు వేళ్ల సందు వదిలిన. ఎలుగు నేల మీద పడ్తది, గాలి పైకి వస్తది. ఈసారి నడి ఎండల లోపల పండుకుంటె నా చెయ్యి నాకే కనవడలే. జమునక్క కూడ లోపలికి పోయింది. శానసేపు బయటికి రాలే. వచ్చినంక కండ్లు తుడుచుకుంట, "మంచిగున్నది," అన్నది.

గురువారం గంగారాం ఆటో దిగి నా షాపుకే వచ్చిండు, కొక్కెం కాంటా చేతుల పట్టుకొని. సెలవు మీద వచ్చి పోయేటోళ్ల బాధ వాళ్లకే తెలుసు. ఊరంత తలా ఒక మూట తెస్తది, విమానపోడేమో కిలోల లెక్క చెప్తడు.

"అక్కా, ఇంటికి ఒక్క కిలోనే. మా అత్తగారి సకినాలే సగం ఆపిన."

పరద కొక్కానికి తగిలేసిండు. అదొక్కటే కిలో దాటింది. పక్కన జమునక్క తెచ్చిన మటన్ పచ్చడి డబ్బ ఉన్నది, గుడ్డకట్టి, మైనం పూసి.

"రెండిట్ల ఒకటి చెప్పక్కా. పరదకు కొంచెం చూసీ చూడనట్టు పోత. పచ్చడి కూడ అంటె నాతోని కాదు."

నర్సాగౌడ్ డబ్బ మీద చెయ్యి వేసిండు. "పోరడు నోరు తెరిచి అడిగింది గిదొక్కటే! గుడ్డపేలిక కోసం మటన్ ఆపుతరా?"

"అడిగింది పచ్చడే మామా," అన్నది జమునక్క. "కావాల్సింది నిద్ర."

ఆమెనే పరద మడిచి గంగారాం సంచిల పెట్టింది. బస్సు ఎక్కిచ్చి ఇద్దరు అటే ఊరికి పోయిండ్రు. పచ్చడి డబ్బ నా కటింగు బల్ల మీద ఉండిపోయింది. రెండు దినాలు చూసిన, ఎవరు రాలే. మటన్‌ది, పాడైతదని నాకు బుగులు పట్టింది. తర్వాత సంగతి మీరే అర్థం చేసుకోండ్రి.

వారం గడిచింది. నడుమల పరద ముట్టిందని గంగారాం వాళ్ల ఇంటికి ఖబరు పంపిండు. శుక్రారం వచ్చింది. చీకటి పడే యాళ్లకు జమునక్క, నర్సాగౌడ్ నా షాపు ముందట ఆటో దిగిండ్రు. రాజేశం ఫోన్ రాలే. పోయిన కాడికెళ్లి ఒక్క శుక్రారం తప్పలేదట. ఇంట్ల ఉండబుద్ధి కాక, పరద కుట్టినోన్ని నేనే కాబట్టి నా కాడికి వచ్చిండ్రు, నాకేదో తెలుస్తదన్నట్టు.

ముగ్గురం కూసున్నం. బల్ల మీద ఫోన్.

"చెయ్ అక్కా, ఒక్కసారి."

"పండుకున్నడేమో," అన్నది.

ఇంకో మాట ముగ్గురి నోట్లె ఉన్నది. ఎవరం బయటికి తియ్యలే. నర్సాగౌడ్ తన పోయిన వేలు కొసను బొటనవేలితోని రుద్దుకుంట కూసున్నడు. ఏదన్నా జోకు చెప్పి తేలిక చేద్దామని చూసిన, ఒక్కటి రాలే. బజ్జీలు తెప్పిచ్చిన. ఇందాక చెప్పిన రెండోమాటు గదే. షాపు కట్టేసే దాక జమునక్క ఆ ఫోన్ ముట్టలే. ఆయన లేచి ఉంటె ఆయనే చేస్తడు, పండుకొని ఉంటె తాను లేపొద్దు. ఆ రెండు కాకుంట మూడోదైతె ఫోన్ చేసి ఏం లాభం. గా లెక్క మీదనే కూసున్నది మనిషి.

తెల్లారి నేను షట్టర్ ఎత్తుతుంటె ఆమె ఫోన్ వచ్చింది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో కొద్దిసేపు సమజ్ కాలే.

"డ్యూటీ దిగి లోపలికి పోయి పండుకున్నడట తమ్మీ. లేచేసరికి పొద్దు పొడిచిందో గూకిందో తెల్వలేదట. మెస్సు బందు, బజారు బస్సు పాయె, ఫోన్ల చార్జింగు లేదు. చచ్చినోని లెక్క పన్న అన్నడు."

"మంచిగైంది అక్కా. ఇంకేమన్నడు?"

"తిట్టిండు."

"ఎందుకు?"

"పచ్చడి ఏదని."

నేను మాట మార్చిన.

ఆ పరద నాకు నేర్పింది ఏందంటె రెండు. కొలత ఎవరన్నా చెప్తె, ఎంత అని అడిగే ముందు ఎవరి చేతితోనని అడగాలె. ఇంకోటి, చీకటి గుడ్డల ఉండదు, అతుకుల కాడ ఉంటది. మూడో పొర వెయ్యబుద్ధి అయినప్పుడల్ల నేను ముందు ఒకసారి లోపల పండుకొని చూస్త. రాజేశం ఆ కాంట్రాక్టు సక్కగ ముగించుకొని, రెండు కాళ్ల మీద నడిచి వచ్చిండు.

కొన్ని నెలలకు అదే రూముల ఇంకొకాయన కోసం వాళ్ల తమ్ముడు ఆర్డరు ఇయ్యవచ్చిండు. మూర ముచ్చట ఎత్తంగనే నా మొఖం వింతగ చూసిండు. క్యాంపులల్ల ఇనుప మంచాలన్ని చానామట్టుకు ఒకటే సైజు ఉంటయట. పొడుగు ఆరుంబావు ఫీట్లు, వెడల్పు మూడు. ఏ పరుపుల దుకాణంల అడిగినా చెప్తరు. మా సందు మొదట్లనే ఒకటి ఉన్నది, ఆదివారం బందు.